విద్యుత్ పంపిణీ సంస్థల నష్టభయాలు

విద్యుత్ పంపిణీ సంస్థ అనగా ఉత్పత్తి కేంద్రాల నుండి విద్యుత్తును కొని, వినియోగదారులకు సరఫరా చేసి, బిల్లులు వసూలు చేసే సంస్థ. వాడుకలో వీటిని డిస్కంలు అంటారు. నష్టభయం ప్రతి వ్యాపారంలోనూ ఉంటుంది. అయితే డిస్కం కొనే విద్యుత్తు ధర ఒప్పందాలతోను, ఇంధన ధరలతోను ముడిపడి ఉంటుంది. అమ్మే ధరను మాత్రం అది స్వయంగా నిర్ణయించుకోజాలదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ డిస్కంల ఇబ్బందులలో అధికభాగం ఈ వ్యత్యాసం నుండి పుట్టినవే.

నేపథ్యం

1998 నాటి ఆంధ్రప్రదేశ్ విద్యుత్ సంస్కరణల చట్టం 1999 ఫిబ్రవరి 1న అమలులోకి వచ్చింది. రాష్ట్ర విద్యుత్ బోర్డు స్థానంలో ఉత్పత్తికి జెన్‌కో, ప్రసారానికి ట్రాన్స్‌కో ఏర్పడ్డాయి. 2000లో పంపిణీ బాధ్యతను విశాఖపట్నం, తిరుపతి, హైదరాబాదు, వరంగల్లు కేంద్రాలుగా నాలుగు డిస్కంలకు అప్పగించారు. 2014లో రాష్ట్ర విభజన జరిగినప్పుడు మొదటి రెండు ఆంధ్రప్రదేశ్‌కు, తక్కిన రెండు తెలంగాణకు చెందాయి. 2019లో తిరుపతి సంస్థను విభజించి విజయవాడ కేంద్రంగా మరొక డిస్కంను ఏర్పాటు చేశారు.

ఛార్జీల నిర్ణయం

డిస్కం రాబోయే సంవత్సరపు ఖర్చులను అంచనా వేసి విద్యుత్ నియంత్రణ మండలికి సమర్పిస్తుంది. మండలి బహిరంగ విచారణ జరిపి, తాను సమంజసమని భావించిన ఖర్చును మాత్రమే అనుమతించి ఛార్జీలను నిర్ణయిస్తుంది. ఏ వర్గానికైనా రాయితీ ఇవ్వదలచిన ప్రభుత్వం ఆ మొత్తాన్ని సంస్థకు ముందుగానే చెల్లించాలని 2003 నాటి విద్యుత్ చట్టం 65వ సెక్షను చెబుతున్నది.

వ్యాపారపరమైన నష్టభయాలు

* కొనుగోలు వ్యయం: డిస్కం ఖర్చులో అతిపెద్ద భాగం ఇదే. దీర్ఘకాలిక ఒప్పందాలలో సాధారణంగా, కేంద్రం సిద్ధంగా ఉండి డిస్కం విద్యుత్తు తీసుకోకపోయినా, స్థిర ఛార్జీ చెల్లించవలసి ఉంటుంది.
* వర్షాభావం: శ్రీశైలం, నాగార్జునసాగర్ జలాశయాలలో నీరు తగ్గిన ఏడాది చౌకైన జలవిద్యుత్తు తగ్గుతుంది. అదే ఏడాది బోరుబావుల మోటార్ల వాడకం పెరుగుతుంది. అప్పుడు లోటును ఖరీదైన విద్యుత్తుతో పూడ్చవలసి వస్తుంది.
* సరఫరా నష్టాలు, బకాయిలు: తీగలలో కలిగే నష్టం, విద్యుత్ చౌర్యం, ప్రభుత్వ కార్యాలయాలు, స్థానిక సంస్థల బకాయిలు ఇందులోకి వస్తాయి. మీటరు లేని పంపుసెట్ల వాడకాన్ని అంచనా వేయవలసిందే. ఆ అంచనాను మండలి అంగీకరించకపోతే తేడా డిస్కంపై పడుతుంది.
* పెద్ద వినియోగదారుల వలస: పరిశ్రమలు, వాణిజ్య సంస్థలు చెల్లించే అధిక ఛార్జీలు పేద గృహాలకు ఇచ్చే తక్కువ ధరకు ఆసరా. అవి ఓపెన్ యాక్సెస్ ద్వారా బయట విద్యుత్తు కొన్నా, సొంత సౌరవిద్యుత్తుకు మళ్ళినా ఆ ఆసరా తగ్గుతుంది.
* ప్రకృతి విపత్తులు: 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ తుఫానుకు విశాఖపట్నం ప్రాంతంలో విద్యుత్ స్తంభాలు, తీగలు పెద్దఎత్తున దెబ్బతిన్నాయి.

నియంత్రణపరమైన నష్టభయాలు

అంచనాకు మించిన ఖర్చును మండలి అనుమతితో తరువాత వసూలు చేయడాన్ని ట్రూ-అప్ అంటారు. ఉదాహరణకు, యూనిట్‌కు అనుమతించిన ఖర్చు కంటే 50 పైసలు అధికంగా వ్యయమైతే, ఒక కోటి యూనిట్లకు 50 లక్షల రూపాయల లోటు ఏర్పడుతుంది. అనుమతి ఆలస్యమైతే డిస్కం అప్పు చేస్తుంది, వడ్డీ తోడవుతుంది. పాత వాడకానికి చెందిన భారం కొన్నేళ్ళ తరువాతి బిల్లులో కనిపిస్తుంది.

ఒప్పందాల పునఃసమీక్ష మరొక నష్టభయం. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పవన, సౌర విద్యుత్ ఒప్పందాల ధరలను తగ్గించ ప్రయత్నించింది. 2022 మార్చిలో రాష్ట్ర హైకోర్టు ఒప్పంద ధరల ప్రకారమే బకాయిలు చెల్లించాలని తీర్పునిచ్చింది.

ప్రజలపై ప్రభావం

ఛార్జీల పెంపునకు వ్యతిరేకంగా 2000 ఆగస్టు 28న హైదరాబాదులో జరిగిన ప్రదర్శనపై బషీర్‌బాగ్ వద్ద పోలీసులు కాల్పులు జరిపారు. ముగ్గురు మరణించారు. 2004 మే నెలలో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు ప్రకటించబడింది. ఆనాటి నుండి ఛార్జీల పెంపు ఏ ప్రభుత్వానికైనా క్లిష్టమైన విషయమే అయింది.

2015లో కేంద్రం ప్రకటించిన ఉదయ్ పథకంలో ఇరు రాష్ట్రాలు చేరాయి. డిస్కంల అప్పులో 75 శాతాన్ని రాష్ట్రాలు స్వీకరించడం ఆ పథకంలోని ముఖ్యాంశం. ఆ విధంగా బిల్లులలో వసూలు కాని సొమ్ము ప్రభుత్వ ఖజానాపై, అనగా పన్ను చెల్లించే ప్రజలపై పడుతుంది. ఖజానా కూడా సకాలంలో చెల్లించకపోతే కొత్త ట్రాన్స్‌ఫార్మర్లు, తీగల మరమ్మతులు వెనుకబడి సరఫరాలో అంతరాయాలు పెరుగుతాయి.