హైపోథైరాయిడిజం చికిత్స: జంతు గ్రంథి పొడి, లెవోథైరాక్సిన్

థైరాయిడ్ గ్రంథి (అవటు గ్రంథి) శరీరానికి చాలినంత హార్మోన్‌ను తయారుచేయలేని స్థితిని హైపోథైరాయిడిజం అంటారు. తగ్గిన హార్మోన్‌ను మందు రూపంలో భర్తీ చేయడమే దీనికి చికిత్స. ఈ మందులు ప్రధానంగా రెండు రకాలు. పంది థైరాయిడ్ గ్రంథిని ఎండబెట్టి, పొడిచేసి, మాత్రలుగా కట్టేది మొదటి రకం. దీనికి ‘సహజ థైరాయిడ్’ అన్న పేరు ప్రచారంలో ఉంది. రసాయనిక ప్రక్రియల ద్వారా తయారుచేసే లెవోథైరాక్సిన్ రెండోది. నేడు ప్రపంచమంతటా ప్రామాణిక చికిత్స లెవోథైరాక్సినే. జంతు గ్రంథి మాత్రల వాడకం ఎక్కువగా అమెరికాలో కొనసాగుతోంది.

గ్రంథి పనితీరు

గొంతు ముందు భాగంలో ఉండే ఈ గ్రంథి ఎక్కువగా థైరాక్సిన్ (టీ4) హార్మోన్‌ను, కొద్దిగా ట్రైఅయొడోథైరోనిన్ (టీ3) హార్మోన్‌ను విడుదల చేస్తుంది. టీ4 అణువులో నాలుగు అయొడిన్ పరమాణువులు ఉంటాయి, టీ3లో మూడు. కణాల్లో చురుగ్గా పనిచేసేది టీ3. కాలేయం, మూత్రపిండాలు, కండరాలు, మెదడు వంటి భాగాల్లోని ఎంజైములు టీ4 నుంచి ఒక అయొడిన్‌ను తొలగించి, అవసరం మేరకు టీ3ని తయారుచేసుకుంటాయి. శరీరంలోని టీ3లో దాదాపు 80 శాతం ఇలా పుట్టినదే. రక్తంలో ఈ హార్మోన్లు తగ్గితే మెదడు అడుగున ఉన్న పిట్యూటరీ గ్రంథి, థైరాయిడ్‌ను ప్రేరేపించే టీఎస్‌హెచ్ అనే హార్మోన్‌ను ఎక్కువగా విడుదల చేస్తుంది. అందుకే రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ పెరిగి కనిపించడం వ్యాధికి ముఖ్యమైన ఆనవాలు.

నీరసం, బరువు పెరగడం, చలిని తట్టుకోలేకపోవడం, మలబద్ధకం, చర్మం పొడిబారడం, జుట్టు రాలడం, నెలసరిలో తేడాలు, మతిమరుపు దీని సాధారణ లక్షణాలు. ఆహారంలో అయొడిన్ లోపం ఒక కారణం. అయొడిన్ ఉప్పు వాడకం ఉన్న చోట్ల ఎక్కువగా కనిపించేది హషిమోటో వ్యాధి. ఇందులో శరీర రోగనిరోధక వ్యవస్థ సొంత గ్రంథిపైనే దాడి చేస్తుంది. గ్రంథిని శస్త్రచికిత్సతో తొలగించిన వారికి, రేడియో అయొడిన్ చికిత్స పొందిన వారికి కూడా హార్మోన్ మందు అవసరమవుతుంది.

చరిత్ర

19వ శతాబ్దం చివరి వరకు ఈ వ్యాధికి మందు లేదు. ముఖం, చర్మం ఉబ్బి, మాట మందగించి, రోగులు క్రమంగా క్షీణించి చనిపోయేవారు. పెద్దవారిలో ఈ స్థితిని 1873లో లండన్ వైద్యుడు విలియం గల్ వివరించాడు. 1891లో ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్‌కు చెందిన జార్జ్ రెడ్‌మెయిన్ మర్రే గొర్రె థైరాయిడ్ రసాన్ని 46 ఏళ్ల మహిళకు చర్మం కింద ఇంజెక్షన్‌గా ఇచ్చాడు. మందు కొనసాగించినంత కాలం ఆమె ఆరోగ్యంగా ఉంది. ఆ తర్వాత 28 ఏళ్లు జీవించి 1919లో మరణించింది. ఇంజెక్షన్ అవసరం లేదనీ, గ్రంథిని నోటి ద్వారా ఇచ్చినా పనిచేస్తుందనీ 1892లో హెక్టర్ మెకెంజీ, ఎడ్వర్డ్ ఫాక్స్ విడివిడిగా చూపారు. దాంతో ఎండబెట్టిన గ్రంథి పొడి వైద్యంలోకి వచ్చింది. మాంసం పరిశ్రమలో దొరికే గ్రంథులే ముడిసరుకు కావడంతో ఆ రంగంలోని అమెరికా సంస్థ ఆర్మర్ ఈ మందుకు పేరుగాంచింది.

1914 డిసెంబరు 25న అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఎడ్వర్డ్ కెండాల్ థైరాక్సిన్‌ను స్ఫటికాలుగా వేరుచేశాడు. 1926లో చార్లెస్ హారింగ్టన్ దాని నిర్మాణాన్ని కనుగొన్నాడు. మరుసటి ఏడాది జార్జ్ బార్జర్‌తో కలిసి దాన్ని కృత్రిమంగా తయారుచేశాడు. పేగులు తేలిగ్గా గ్రహించగల సోడియం లవణ రూపం 1949లో వచ్చింది. 1952లో జాక్ గ్రాస్, రోసలిండ్ పిట్-రివర్స్ టీ3ని గుర్తించారు.

ఇంత జరిగినా 1960ల దాకా గ్రంథి పొడిదే పైచేయి. తర్వాత రెండు పరిణామాలు దాన్ని పక్కకు నెట్టాయి. టీఎస్‌హెచ్‌ను కచ్చితంగా కొలిచే రక్తపరీక్షలు రావడంతో, చాలామంది రోగులు అవసరానికి మించిన మోతాదు వాడుతున్నారని తెలిసింది. థైరాయిడ్ పనిచేయని మనుషుల్లో కూడా టీ4 నుంచి టీ3 తయారవుతుందని 1970లో బ్రేవర్‌మన్, ఇంగ్‌బార్, స్టెర్లింగ్ నిరూపించారు. ఒక్క టీ4 ఇస్తే చాలు, మిగతా పని శరీరం చేసుకుంటుందన్న అవగాహన అప్పుడు స్థిరపడింది.

రెండు మందుల స్వభావం

లెవోథైరాక్సిన్ కర్మాగారంలో తయారైనా, దాని అణువు మనిషి గ్రంథి విడుదల చేసే టీ4తో అక్షరాలా సమానం. రక్తంలో చేరాక రెండింటినీ శరీరం వేరుచేసి గుర్తించలేదు. ఇందులో సగం శరీరం నుంచి పోవడానికి సుమారు 7 రోజులు పడుతుంది. కాబట్టి రోజుకు ఒక మాత్రతో హార్మోన్ స్థాయి నిలకడగా ఉంటుంది.

గ్రంథి మాత్రలో టీ4, టీ3 రెండూ ఉంటాయి. సుమారు 60 మిల్లీగ్రాముల మాత్రలో 38 మైక్రోగ్రాముల టీ4, 9 మైక్రోగ్రాముల టీ3 ఉంటాయి. అంటే నాలుగు వంతుల టీ4కు ఒక వంతు టీ3. మనిషి గ్రంథిలో ఈ నిష్పత్తి దాదాపు 14కు 1. పంది శరీరానికి సరిపోయే పాళ్లు మనిషికి సహజమైనవి కావు. మాత్ర వేసుకున్న కొన్ని గంటల్లో రక్తంలో టీ3 ఒక్కసారిగా పెరిగి, తర్వాత తగ్గుతుంది. టీ3 మితిమీరితే గుండెదడ, చేతుల వణుకు, నిద్రలేమి కలుగుతాయి. ఆ స్థితి చాలాకాలం కొనసాగితే గుండె లయ తప్పడం, ఎముకలు పలచబడటం వంటి ప్రమాదాలు ఉంటాయి.

మోతాదు నిలకడ మరో సమస్య. పాత కాలంలో గ్రంథి పొడి బలాన్ని అందులోని మొత్తం అయొడిన్‌ను బట్టి నిర్ణయించేవారు. ఆ అయొడిన్‌లో అసలు హార్మోన్ ఎంతో ఆ లెక్కలో తెలిసేది కాదు. ఇప్పుడు హార్మోన్లను నేరుగా కొలుస్తున్నా, బలం ఎక్కువైందనో తక్కువైందనో కొన్ని బ్యాచ్‌లను ఇటీవలి సంవత్సరాల్లోనూ అమెరికా మార్కెట్ నుంచి వెనక్కి రప్పించారు. అక్కడి 1938 ఔషధ చట్టానికి ముందు నుంచీ వాడుకలో ఉన్నందున గ్రంథి మాత్రలు ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆమోదం లేకుండానే అమ్ముడవుతూ వచ్చాయి. లెవోథైరాక్సిన్ మాత్రల్లోనూ బలం తేడాలు బయటపడటంతో, వాటికి ఆమోదం తప్పనిసరి అని 1997లో ఎఫ్‌డీఏ ప్రకటించింది. 2000 నుంచి ఆ ఆమోదాలు మొదలయ్యాయి.

పరిశోధనలు ఏం చెబుతున్నాయి

అమెరికాలోని వాల్టర్ రీడ్ సైనిక వైద్యకేంద్రం పరిశోధకులు 2013లో ప్రచురించిన అధ్యయనంలో 70 మంది రోగులకు రెండు మందులనూ ఒకదాని తర్వాత ఒకటి 16 వారాల చొప్పున ఇచ్చారు. ఏ మందు ఎప్పుడు ఇస్తున్నదీ రోగులకు గానీ వైద్యులకు గానీ తెలియదు. లక్షణాల్లో, జ్ఞాపకశక్తిలో, జీవన నాణ్యతలో గణనీయమైన తేడా కనిపించలేదు. గ్రంథి మాత్ర వాడిన కాలంలో సగటున కిలోన్నర లోపు బరువు తగ్గారు. దాదాపు 49 శాతం మంది గ్రంథి మాత్రను, 19 శాతం మంది లెవోథైరాక్సిన్‌ను ఇష్టపడ్డారు. మిగతావారు ఏదైనా ఒకటేనన్నారు.

లెవోథైరాక్సిన్‌కు కృత్రిమ టీ3ని జోడిస్తే మానసిక స్థితి మెరుగైందని 1999లో 33 మందిపై జరిగిన అధ్యయనం చెప్పింది. తర్వాతి పెద్ద అధ్యయనాలు దాన్ని బలపరచలేదు. లెవోథైరాక్సిన్ ప్రామాణిక చికిత్సగా కొనసాగాలని అమెరికన్ థైరాయిడ్ అసోసియేషన్ 2014 మార్గదర్శకాలు సిఫారసు చేశాయి.

అయితే టీఎస్‌హెచ్ సరైన స్థాయికి వచ్చినా కొందరిని నీరసం, మందకొడితనం వదలవు. వారి బాధ కల్పితం కాదు. రక్తహీనత, విటమిన్ బి12 లోపం, నిద్రలో శ్వాస సమస్య, కుంగుబాటు వంటి వేరే కారణాలు ఉన్నాయేమో ముందుగా వెతకాలి. ఏవీ లేవని తేలితే, నిపుణుల పర్యవేక్షణలో పరిమిత కాలం టీ3ని జోడించి చూడటాన్ని కొన్ని వైద్య సంఘాలు అనుమతిస్తున్నాయి.

ప్రత్యేక పరిస్థితులు

గర్భిణులకు గ్రంథి మాత్రలు తగవు. తొలి నెలల్లో పిండం మెదడు ఎదుగుదలకు తల్లి రక్తంలోని టీ4 ఆధారం. గ్రంథి మాత్రలో అదే తక్కువ. లెవోథైరాక్సిన్ వాడుతున్న స్త్రీ గర్భం దాల్చగానే మోతాదును సాధారణంగా పావు వంతుకు పైగా పెంచాల్సి వస్తుంది. పుట్టుకతోనే ఈ లోపం ఉన్న శిశువులకు మొదటి రెండు వారాల్లో లెవోథైరాక్సిన్ మొదలుపెడితే బుద్ధిమాంద్యాన్ని నివారించవచ్చు. వృద్ధులకు, గుండెజబ్బు ఉన్నవారికి తక్కువ మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు. మత విశ్వాసం వల్లో శాకాహార నియమం వల్లో పంది గ్రంథి మందు వద్దనుకునే వారికీ లెవోథైరాక్సిన్ ప్రత్యామ్నాయం. దాని మాత్రల్లో వాడే ఇతర పదార్థాల గురించి ఫార్మసిస్టును అడగవచ్చు.

భారతదేశంలో

హైదరాబాద్ సహా ఎనిమిది నగరాల్లో జరిగి 2013లో ప్రచురితమైన అధ్యయనంలో పెద్దవారిలో 10.95 శాతం మందికి హైపోథైరాయిడిజం ఉన్నట్లు తేలింది. మన దేశంలో లెవోథైరాక్సిన్ జాతీయ అత్యవసర ఔషధాల జాబితాలో ఉంది. థైరోనార్మ్, ఎల్ట్రాక్సిన్ వంటి పేర్లతో మందుల షాపుల్లో దొరుకుతుంది.

వాడే విధానం

గ్రంథి పూర్తిగా పనిచేయని పెద్దవారికి సాధారణంగా కిలో శరీర బరువుకు 1.6 మైక్రోగ్రాముల చొప్పున రోజువారీ మోతాదు అవసరమవుతుంది. మాత్రను పరగడుపున మంచినీళ్లతో వేసుకోవాలి. తర్వాత అరగంట నుంచి గంటదాకా కాఫీ, టీ, టిఫిన్ తీసుకోకూడదు. కాల్షియం, ఐరన్ మాత్రలకూ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. మోతాదు మార్చిన 6 నుంచి 8 వారాలకు టీఎస్‌హెచ్ పరీక్ష మళ్లీ చేయించుకోవాలి. ఒంట్లో బాగుందని మందు మానేసినా, వైద్యుణ్ని సంప్రదించకుండా ‘సహజ’మన్న పేరు చూసి మరో మందుకు మారినా ప్రమాదమే. ఇప్పటికి ఉన్న ఆధారాలను బట్టి చూస్తే, మోతాదు నిలకడలోనూ భద్రతలోనూ లెవోథైరాక్సిన్‌దే మెరుగైన స్థానం.