ఇంటి కంప్యూటరే వెబ్ సర్వరు: లినక్స్ రక్షణ ఏర్పాట్ల కథ

ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయ్‌లో సుపేలా అనే బజారు ప్రాంతం ఉంది. 1955లో సోవియట్ యూనియన్‌తో మన ప్రభుత్వం చేసుకున్న ఒప్పందం వల్ల భిలాయ్‌కి ఉక్కు కర్మాగారం వచ్చింది. దానితోపాటే తెలుగు ప్రాంతాల నుంచి ఎన్నో కుటుంబాలు పనికోసం అక్కడికి చేరాయి. అలాంటి ఒక ఇంటిని ఊహించుకోండి. పన్నెండో తరగతి చదివే అమ్మాయి ఒక పాత కంప్యూటరులో లినక్స్ వేసింది. తాతగారి ఫోటోలూ, ఆయన చెప్పిన వలస ముచ్చట్లూ వెబ్ పేజీలుగా పెట్టి, విజయనగరంలోని బంధువులకు చూపించాలని ఆమె కోరిక. అయితే అదే కంప్యూటరులో నాన్నగారి బ్యాంకు కాగితాల కాపీలు కూడా ఉన్నాయి. బంధువులకు తెరిచిన తలుపులోంచి దొంగ రాకుండా ఎలా? ఆమె చేయవలసిన ఒక్కొక్క పని వెనుకా ఒక్కొక్క సంఘటన ఉంది. వాటినే ఈ ప్రసంగంలో చూద్దాం.

ప్రపంచంలో మొట్టమొదటి వెబ్ సర్వరు కూడా ఒక మనిషి బల్లమీది కంప్యూటరే. 1990లో స్విట్జర్లాండ్‌లోని సెర్న్ పరిశోధనశాలలో టిమ్ బెర్నర్స్ లీ దాన్ని నడిపారు. ఇది సర్వరు, ఆపవద్దు అని ఎర్ర సిరాతో రాసి దానికి అంటించారు. మన ఇళ్ళలో ఈ కాగితం ఇప్పటికీ అవసరమే. ఇస్త్రీ పెట్టె కోసం ఎవరో ఒకరు ప్లగ్గు పీకేస్తారు! 1991లో హెల్సింకీ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ తన కంప్యూటరు కోసం లినక్స్ కెర్నెల్ రాయడం మొదలుపెట్టారు. ఇక వెబ్ పేజీలను అందించే అపాచీ సర్వరు 1995లో వచ్చింది. అమెరికాలోని ఎన్‌సీఎస్‌ఏ సంస్థలో రాబ్ మెకూల్ తయారుచేసిన సర్వరు, ఆయన అక్కడినుంచి వెళ్ళిపోయాక దిక్కులేనిదైంది. దాన్ని వాడుతున్నవారే తలా ఒక సవరణ కలిపి నిలబెట్టారు. ఈ రెండూ ఉచితంగా దొరకడం వల్లనే మన సుపేలా అమ్మాయి పని పైసా ఖర్చులేకుండా మొదలవుతుంది. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ తెలుగు మెనూలతో లినక్స్‌ను రూపొందించింది కూడా. సర్వరు ఆజ్ఞలు మాత్రం ఇంగ్లీషులోనే నేర్చుకోక తప్పదు.

మన దేశంలో ప్రజలకు ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా వచ్చింది. ఫోను తీగమీద డయల్ చేస్తేనే దొరికే ఆ సదుపాయంతో ఇంట్లో సర్వరు నడపడం కల్ల. 2004 బ్రాడ్‌బ్యాండ్ విధానం సెకనుకు 256 కిలోబిట్ల దిగుమతి వేగాన్ని కనీసంగా నిర్ణయించింది. ఎప్పుడూ తెరిచి ఉండే కనెక్షన్ ఇళ్ళలోకి వచ్చింది. దానితోపాటే ఎప్పుడూ పొంచి ఉండే అపరిచితులూ వచ్చారు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. 1995లో హెల్సింకీ సాంకేతిక విశ్వవిద్యాలయం నెట్‌వర్కులో ఎవరో దొంగచాటుగా పాస్‌వర్డులు పోగుచేశారు. అప్పట్లో దూరపు యంత్రంలోకి వెళ్ళడానికి వాడే టెల్నెట్, పాస్‌వర్డును పోస్టుకార్డు మీద రాసినట్టు బహిరంగంగా పంపేది. అక్కడి పరిశోధకుడు టాటూ యులోనెన్ దీనికి విరుగుడుగా ఎస్‌ఎస్‌హెచ్ తయారుచేశారు. మొత్తం సంభాషణను రహస్య లిపిలోకి మార్చే పద్ధతి అది. ఫైళ్ళు పంపే ఎఫ్‌టీపీది 21వ నంబరు ద్వారం, టెల్నెట్‌ది 23. మధ్యలో ఖాళీగా ఉన్న 22ను ఆయన అడిగి తీసుకున్నారు. మన అమ్మాయి ఇందులో పాస్‌వర్డుకు బదులు తాళంచెవుల జత వాడాలి. ఒక చెవి సర్వరు దగ్గర, రహస్యమైన రెండోది తన దగ్గర మాత్రమే. అది పనిచేస్తున్నదని చూసుకున్నాకే పాస్‌వర్డు ప్రవేశాన్ని మూసేయాలి. సర్వాధికారాలున్న రూట్ పేరుతో నేరుగా ప్రవేశించడాన్నీ ఆపేయాలి.

లినక్స్‌కు వైరస్ రాదని చాలామంది ధీమాగా చెబుతారు. నా దృష్టిలో కొత్తవారికి ఇంతకంటే ప్రమాదకరమైన మాట లేదు. 2002 సెప్టెంబరులో స్లాపర్ అనే వార్మ్, అంటే ఒక యంత్రం నుంచి ఇంకో యంత్రానికి తనంతట తానే పాకే ప్రోగ్రాము, లినక్స్ మీద నడిచే అపాచీ సర్వర్లనే పట్టుకుంది. లోపం ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్ అనే రహస్య లిపి సాఫ్ట్‌వేరులో ఉంది. గమనించండి, ఆ లోపానికి సవరణ జులై చివరిలోనే విడుదలైంది. నెలన్నర గడిచినా దాన్ని వేసుకోని యంత్రాలు దొరికిపోయాయి. అదే ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్‌లో 2014 ఏప్రిల్‌లో హార్ట్‌బ్లీడ్ లోపం బయటపడినప్పుడూ ఇదే పరుగు. అందుకే భద్రతా సవరణలు వాటంతటవే వేసుకునే ఏర్పాటును మొదటిరోజే చేయాలి, పేజీల రంగులూ అందాలూ తర్వాత చూసుకోవచ్చు.

2016లో మిరాయ్ వచ్చింది. ఇది ఇళ్ళలోని కెమెరాలు, రూటర్ల వంటి లినక్స్ పరికరాలలోకి చొరబడింది. అందుకు గొప్ప తెలివి ఏమీ వాడలేదు. ఫ్యాక్టరీ పెట్టిన పాస్‌వర్డులు అరవైకి పైగా జాబితాగా పెట్టుకుని, ఒక్కొక్కటే ప్రయత్నించింది. అక్టోబరు 21న ఆ పరికరాలన్నీ కలిసి డిన్ అనే సంస్థ మీద పడితే ఎన్నో ప్రసిద్ధ వెబ్‌సైట్లు గంటల తరబడి అందలేదు. తయారుచేసినవారిలో ఒకడు కాలేజీ విద్యార్థి. 2017లో వాళ్ళు నేరం ఒప్పుకున్నారు. కాబట్టి సర్వరుకంటే ముందు మార్చవలసింది ఇంటి రూటరు పాస్‌వర్డు.

ఆ రూటరు ఇంకో ముఖ్యమైన పని చేస్తుంది. ఇంటర్నెట్ చిరునామాలు చాలవన్న భయంతో 1990లలో వచ్చిన నాట్ పద్ధతివల్ల ఇంట్లోని యంత్రాలన్నీ ఒకే బయటి చిరునామా వెనుక దాగుతాయి. కర్మాగారం గేటు దగ్గర పాస్ చూపినట్టే, ఏ ద్వారం ఏ యంత్రానికో రూటరుకు చెప్పాలి. 80, 443 ద్వారాలు చాలు. 22ను ఇంటి వరకే ఉంచి, కంప్యూటరు సొంత ఫైర్‌వాల్‌లోనూ అలాగే రాయాలి. కొన్ని కంపెనీలు ఒకే చిరునామాను అనేక ఇళ్ళకు పంచుతాయి కనుక, ఆ కనెక్షన్లలో ఈ ఉపాయం పారదు; ముందుగా అడిగి తెలుసుకోవాలి.

వెబ్ చిరునామా పక్కన కనబడే తాళం బొమ్మ కోసం ఒకప్పుడు ఏటా డబ్బు కట్టాలి. లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ 2015 డిసెంబరు నుంచి ధ్రువపత్రాలను ఉచితంగా అందరికీ ఇవ్వసాగింది. యంత్రమే పునరుద్ధరించుకోవాలని మొదట్లోనే 90 రోజుల గడువు పెట్టింది. దీనివల్ల బంధువులకూ సర్వరుకూ మధ్య దారి భద్రం. సర్వరు లోపలి డిస్కుకు మాత్రం ఈ తాళం కాపలా కాదు. అందుకని నాన్నగారి కాగితాలు వేరే డిస్కులోకి మార్చి, దాన్ని ఈ యంత్రంనుంచి తీసేయడమే మేలు. తాతగారి ఫోటోలకూ ఇంకో నకలు ఉండాలి.

సర్వరును తెరిచిన మర్నాటి ఉదయం అపాచీ చిట్టా విప్పి చూడమనండి. విజయనగరం బంధువులు ఇంకా నిద్ర లేచి ఉండరు. కానీ ఎక్కడెక్కడి యంత్రాలో రాత్రంతా వచ్చి, ఆమె ఎన్నడూ పెట్టని అడ్మిన్ పేజీ కోసం వెతికి, లేదన్న జవాబు తీసుకుని వెళ్ళిన గుర్తులు వరసగా కనిపిస్తాయి.