పల్నాడు వర్షపాతం

కృష్ణానదికి దక్షిణాన, నల్లమల కొండలకు తూర్పున ఉన్న మాచర్ల, గురజాల, వినుకొండ, నరసరావుపేట ప్రాంతాల వానతీరు ఈ వ్యాస విషయం. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడేదాకా ఇక్కడి వాన గుంటూరు జిల్లా సగటులో కలిసిపోయేది. ఆ సగటు ఏడాదికి సుమారు 850 మిల్లీమీటర్లు. బాపట్ల, రేపల్లె తీరాన కురిసిన వాన కూడా అందులో ఉంటుంది కాబట్టి, ఆ అంకె చూసి మాచర్ల మెట్టపొలాన్ని ఊహించుకుంటే పొరపాటే.

దేశం మొత్తం మీద కురిసే వానలో దాదాపు నాలుగింట మూడు వంతులు జూన్ నుంచి సెప్టెంబరు దాకా వీచే నైరుతి రుతుపవనాలవే. అయితే ఆ పంపకం అందరికీ ఒకే తీరున జరగదు. మేఘాలయలోని మాసిన్‌రామ్‌లో ఏటా 11 వేల మిల్లీమీటర్లు దాటుతుంది. జైసల్మేర్ ఎడారిలో అందులో యాభయ్యో వంతు కూడా పడదు. తెలుగునేల మీద శ్రీకాకుళానికి నైరుతి ప్రధానం, నెల్లూరుకు అక్టోబరు–డిసెంబరు నెలల ఈశాన్య రుతుపవనాలే దిక్కు. పల్నాడుది ఈ రెంటి నడిమి బతుకు. ఉమ్మడి గుంటూరు జిల్లా వానలో అయిదింట మూడు వంతులు నైరుతిది, పావు వంతుకు పైన ఈశాన్యానిది.

అరేబియా సముద్రం మీంచి వచ్చే తడిగాలి పడమటి కనుమలు ఎక్కుతూ తన నీటిలో ఎక్కువ భాగం అక్కడే కురిపించేస్తుంది. దక్కను పీఠభూమి దాటి ఇటు వచ్చేసరికి మిగిలేది ఎక్కువగా ఈదురుగాలే. అందుకే పల్నాడు వానచాటు ప్రాంతం. రెంటచింతల రాష్ట్రంలోకెల్లా ఎండ మండే ఊళ్లలో ఒకటి. ఇక్కడ గట్టి వాన పడాలంటే బంగాళాఖాతంలో అల్పపీడనం పట్టాలి, లేదా సాయంత్రానికి ఉరుముల మబ్బు కమ్మాలి. ఉరుముల వాన ఒక ఊరిని తడిపి పక్క ఊరిని వదిలేస్తుంది.

రైతులు ఈ అనిశ్చితిని కార్తెల లెక్కలో పెట్టుకున్నారు. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే పదమూడు, పద్నాలుగు రోజులు ఒక కార్తె. జూన్ 7–8 తేదీల్లో మృగశిర ప్రవేశిస్తే దుక్కులకు సిద్ధమవుతారు. ఆగస్టు, సెప్టెంబరుల్లో వచ్చే మఖ, పుబ్బ వరపైతే కరువు తప్పదని పెద్దల మాట. నల్లరేగడి ఒకసారి బాగా పదునైతే తేమను చాలాకాలం పట్టి ఉంచుతుంది. జొన్న, కంది, పత్తి ఇక్కడ నిలవడానికి అదే ఆధారం. పదిహేనో శతాబ్దపు శ్రీనాథుడి పేర చెలామణిలో ఉన్న చాటువులు పల్నాటి జొన్నకూడును, నీటి కరువును ఎగతాళి చేశాయి. వరి అన్నానికి అలవాటుపడ్డ కవి విసుగు అది. ఇక్కడి వానకు జొన్నే సరైన పంట.

1832లో వానలు మొహం చాటేయడంతో వచ్చిన నందన కరువును డొక్కల కరువని కూడా అంటారు. గుంటూరు జిల్లాలో ఐదు లక్షల జనాభాకు రెండు లక్షల మంది పోయారని అంచనా. ఆ విషాదం తర్వాత బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట కట్టారు. 1855 నాటికి పూర్తయింది. ఆ నీళ్లు దిగువన డెల్టాకు పారాయి. ఎగువన, ఎత్తున ఉన్న పల్నాడుకు చుక్క రాలేదు. వాన లేని ఏడు పశువులకు అడవే మేత. అందుకే అడవిలో పశువుల మేత మీద వేసే పుల్లరి పన్ను అంత మంట పుట్టించింది. 1921లో మొదలైన పల్నాడు అటవీ సత్యాగ్రహంలో కన్నెగంటి హనుమంతు మరుసటి ఏడాది ప్రాణాలర్పించాడు.

1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ నుంచి 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు వదిలారు. కుడికాలువ పల్నాడు నడుమగా సాగుతుంది. అప్పటినుంచి ఇక్కడి ఆయకట్టు రైతుకు రెండు వానలు కావాలి: ఒకటి తన చేను మీద, రెండోది కృష్ణ పుట్టే మహాబలేశ్వరం కొండల మీద. ఏ కనుమలు మబ్బును అడ్డుకున్నాయో ఆ కనుమల వరదే ఆల్మట్టి, శ్రీశైలం దాటి సాగర్‌కు చేరుతుంది. అది తరచూ ఆగస్టుకు గాని రాదు. విత్తే అదునేమో జూన్, జులైలది. ఈ రెండు వానలు కలిసి రావాలనీ లేదు. 2009లో దేశవ్యాప్తంగా నైరుతి వాన 22 శాతం తగ్గింది. 1972 తర్వాత అంతటి లోటు అదే. అదే ఏడు అక్టోబరు మొదట్లో శ్రీశైలానికి ఎన్నడూ ఎరగని వరద వచ్చింది.

వాన ఎక్కువైనా ముప్పే. 2016 సెప్టెంబరు నాలుగో వారంలో కుండపోత సత్తెనపల్లి, నరసరావుపేట ప్రాంతాలను ముంచెత్తింది. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ తుపాను మిర్చి, పత్తి రైతులను దెబ్బతీసింది. ఆ రెండు పంటలకూ శీతాకాలంలో కావలసింది పొడి ఎండ.

కుడికాలువ అందని ఎత్తులో ఉన్న వెల్దుర్తి, బొల్లాపల్లి వైపు మెట్టగ్రామాలకు నీరు తోడాలని తలపెట్టిన వరికపూడిశెల ఎత్తిపోతల పథకానికి 2023 నవంబరులో శంకుస్థాపన జరిగింది.