ఫార్మాట్ కొట్టేముందు ఒక్క నిమిషం

పెన్‌డ్రైవ్ పెట్టగానే ఫోల్డర్లన్నీ వరసగా కనిపిస్తున్నాయి. ‘ఓంకారం ఫొటోలు’, ‘నాయన పాస్‌బుక్’, ‘బీఈడీ రికార్డు’. పేర్లన్నీ అవే, కానీ ప్రతి బొమ్మ మూలనా ఒక చిన్న బాణం గుర్తు మొలిచింది. నొక్కితే ఏదీ తెరుచుకోదు. స్క్రిప్టు ఫైలు దొరకలేదని ఇంగ్లీషులో ఒక డబ్బా వచ్చి పోతోంది.

మీరున్నది బండి ఆత్మకూరులో ఒక జిరాక్స్ షాపు. లామినేషన్ మిషన్ వేడెక్కిన వాసన వస్తోంది. బయట నంద్యాల పోయే ఆటో హారన్ మీద హారన్ కొడుతోంది. పక్కన నిలబడిన అమ్మాయి మధ్యాహ్నం లోపల కాలేజీలో రికార్డు ఇయ్యాలంట.

“మొన్న నంద్యాలలో ప్రింట్ తీసినప్పుడు బాగనే ఉన్యాయన్నా. ఇప్పుడు యాడికి పోయినాయి?”

“వైరస్ పడిందిమ్మా. ఫార్మాట్ కొడితే పోతాది.”

షాపతని వేలు అప్పుడే మౌస్ కుడి మీట మీదికి వెళ్లింది. మెనూ తెరుచుకుంది. ఇక్కడ ఆపండి. అదే మెనూలో అట్టడుగున ప్రాపర్టీస్ ఉంటుంది, దాన్ని నొక్కమనండి. గుండ్రటి బొమ్మలో సగానికి పైగా నిండిపోయి ఉంది. షార్ట్‌కట్ ఒక్కొక్కటి మహా అయితే రెండు మూడు కేబీలు. పది షార్ట్‌కట్‌లకు ఇన్ని జీబీలు ఎందుకు పడతాయి? ఫొటోలు, పాస్‌బుక్, రికార్డు అన్నీ ఇందులోనే ఉన్నాయి. ఆ అమ్మాయికి ఈ మాట ముందు చెప్పండి, మిగతా పని తర్వాత.

ఇప్పుడు ‘బీఈడీ రికార్డు’ మీద కుడి మీట నొక్కి ప్రాపర్టీస్ చూడండి. షార్ట్‌కట్ అంటే అసలు ఫైలు చిరునామా రాసిన చీటీ. టార్గెట్ అన్నచోట ఆ ఫోల్డరు దారి ఉండాలి. ఇక్కడ మాత్రం ఒక వీబీఎస్ స్క్రిప్టును నడపమని ఆజ్ఞ రాసి ఉంది. ఇలాంటి స్క్రిప్టు ముందు కంప్యూటర్‌లో దిగబడి, ఆ వెంటనే అసలు ఫోల్డరునూ తెరిచి చూపిస్తుంది. అందుకే నొక్కినవాళ్లకు అనుమానం రాదు. ఈ షాపులోని యాంటీవైరస్ స్క్రిప్టును తుడిచేసింది కాబట్టే ఇవాళ గుట్టు బయటపడింది. 2010లో బయటపడిన, ఇరాన్ అణుకేంద్రాన్ని దెబ్బతీసిన స్టక్స్‌నెట్ వైరస్‌కైతే నొక్కడం కూడా అక్కర్లేకపోయింది. పెన్‌డ్రైవ్ తెరిచి షార్ట్‌కట్ బొమ్మ కనబడితే చాలు, లోపలికి దిగేది. మైక్రోసాఫ్ట్ ఆ ఏడాది ఆగస్టులో దానికి మందు వేసింది.

స్టార్ట్‌లో సీఎండీ అని కొట్టండి. నల్లతెర వస్తుంది. పెన్‌డ్రైవ్ ఇక్కడ జి డ్రైవ్. ఒక్కో అక్షరం నిదానంగా చెప్పండి, అతను కొడతాడు: ఆట్రిబ్, ఖాళీ, మైనస్ హెచ్, ఖాళీ, మైనస్ ఎస్, ఖాళీ, మైనస్ ఆర్, ఖాళీ, స్లాష్ ఎస్, ఖాళీ, స్లాష్ డి, ఖాళీ, జి, కోలన్, బ్యాక్‌స్లాష్, స్టార్, డాట్, స్టార్. ఎంటర్.

మైనస్ హెచ్ ఒక్కటే కొడితే కుదరదు. వైరస్ ఆ ఫోల్డర్లను దాచిపెట్టడమే కాక, సిస్టమ్ ఫైళ్లన్న ముద్ర కూడా వేసింది. ఆ ముద్ర తియ్యందే విండోస్ దాచినదాన్ని బయటపెట్టదు. ‘హిడెన్ ఐటమ్స్’ అన్నచోట టిక్కు పెట్టినా కనబడనిది అందుకే.

కర్సర్ కాసేపు మిణుకుమిణుకుమంటుంది. ఎక్స్‌ప్లోరర్‌లోకి వెళ్లి ఎఫ్5 నొక్కండి. బాణాల వెనకాల పసుపుపచ్చ ఫోల్డర్లు వచ్చి నిలబడ్డాయి.

“వచ్చినాయన్నా, అన్నీ వచ్చినాయి!”

కొన్నిసార్లు పేరే లేని ఫోల్డరు ఒకటి బయటపడుతుంది. గమారూ అనే వైరస్ ఫైళ్లన్నిటినీ అట్లాంటిదాన్లోకి తోసేసేది. దాని ముఠా వాడే సర్వర్లను 2017 నవంబరులో యూరోపోల్, ఎఫ్‌బీఐ కలిసి పట్టుకున్నాయి. ఆ పేరులేని ఫోల్డరును చెత్త అనుకుని డిలీట్ చేస్తే మాత్రం ఫైళ్లు నిజంగానే పోతాయి.

ఫొటోలు, పీడీఎఫ్‌లు, వర్డ్ ఫైళ్లు మాత్రమే డి డ్రైవ్‌లోకి కాపీ చేయించండి. బాణం ఉన్నది ఒక్కటీ తేవద్దు. ఇప్పుడు ఫార్మాట్ కొట్టనివ్వండి.

రికార్డు తెరిచేసరికి తెలుగు పేజీల్లో ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా ఉన్నాయి. అమ్మాయి మొహం మళ్లీ వాడిపోయింది. ఫైలుకేమీ కాలేదు. ‘అను’ ఫాంట్లలో కొట్టిన పాఠం, ఈ కంప్యూటర్‌లో ఆ ఫాంటు లేదు. ఫాంటు వేస్తే అక్షరాలు తిరిగొస్తాయి. అందుకే ఏ షాపులో టైపు చేయించినా, ఒక పీడీఎఫ్ కూడా అడిగి తెచ్చుకోవాలి.

పేజీలు ఒక్కొక్కటే వేడివేడిగా బయటికి వస్తున్నాయి. ఈలోగా షాపతను తన డెస్క్‌టాప్ చూపిస్తాడు: పేజ్‌మేకర్ బొమ్మ తెల్లకాగితంలా మారింది. విండోస్ మళ్లీ వేయించినప్పుడు డ్రైవు అక్షరం మారింది, షార్ట్‌కట్‌లో పాత దారే ఉంది. కొత్త షార్ట్‌కట్ చేసుకుంటే సరిపోతుంది. 2023 జనవరి 13న మైక్రోసాఫ్ట్ డిఫెండర్‌లోని ఒక నియమం పొరబడి ఎన్నో ఆఫీసుల కంప్యూటర్లలో షార్ట్‌కట్‌లను తుడిచేసింది. అప్పుడు కూడా ప్రోగ్రాములు ఉన్నచోటే ఉన్నాయి.

జిరాక్స్ షాపులు, నెట్ సెంటర్లు నడిపే అన్నలకు ఒక మనవి. మీ దగ్గరికి వచ్చే పెన్‌డ్రైవ్‌లలో ఇంకెక్కడా రెండో కాపీ లేని కాగితాలుంటాయి, చనిపోయినవాళ్ల ఫొటోలుంటాయి. ఫార్మాట్ కొట్టేముందు ప్రాపర్టీస్ తెరిచి, ఎంత నిండిందో చూడండి.