మబ్బులు వేసుకోండి, గోడలు ముట్టుకోకండి

ఉదయగిరి దుర్గం ఫొటోలు నెట్లో వెతికితే ఇప్పుడు రెండు రకాలు కనిపిస్తాయి. ఒకదాంట్లో కొండ ఎండిపోయి, బండలు తేలి, కూలిన గోడల మధ్య ముళ్ళకంపలతో ఉంటుంది. రెండోదాంట్లో అదే కొండ కేరళ నుంచి అరువు తెచ్చుకున్నట్టు పచ్చగా, వెనకాల ఊదారంగు ఆకాశంతో మెరిసిపోతుంటుంది. ఊరు ఒకటే, కొండ ఒకటే. మధ్యలో ఉన్నది ఒక స్లైడరు, అంతే :)

దీనిమీద వాదించేవాళ్ళూ రెండు రకాలే. "ఫొటో అంటే కళ, నా బొమ్మ నా ఇష్టం" అనేవాళ్ళు కొందరు. "ఎడిటింగ్ చేస్తే అసలది ఫొటోనే కాదు" అనేవాళ్ళు ఇంకొందరు. నాకైతే ఇద్దరూ అసలు ప్రశ్నని దాటేసి మాట్లాడుతున్నారనిపిస్తుంది. ఎందుకంటే ఈ గొడవ 1990లో ఫొటోషాప్‌తో పుట్టింది కాదు. ఫొటోగ్రఫీ మొదటి రోజుల్నుంచీ ఉంది. అదీ ఎక్కడో కాదు, మన నెల్లూరు కూడా ఒకప్పుడు భాగంగా ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీలోనే.

లినేయస్ ట్రైప్ అని ఈస్టిండియా కంపెనీ సైన్యంలో ఒక కెప్టెన్ ఉండేవాడు. 1856లో మద్రాసు ప్రభుత్వం ఆయన్ని ఫొటోగ్రాఫరుగా పెట్టుకుంది. 1857-58లో శ్రీరంగం, మధుర, తంజావూరు తిరిగి గుళ్ళన్నీ ఫొటోలు తీశాడు. ఆ రోజుల్లో నెగటివ్ నీలి వెలుతురుకే ఎక్కువ స్పందించేది. గోపురం సరిగ్గా పడేంతసేపు ఉంచితే ఆకాశం మొత్తం తెల్లకాగితంలా వచ్చేది. మరి ట్రైప్ ఏం చేశాడు? కుంచె తీసుకుని నెగటివ్ మీదే మబ్బులు దిద్దాడు. చెట్ల ఆకులు కూడా అక్కడక్కడా సరిచేశాడు. ఫ్రాన్సులో గుస్తావ్ లె గ్రే అయితే సముద్రాన్ని ఒక నెగటివ్ నుంచి, ఆకాశాన్ని ఇంకో నెగటివ్ నుంచి తీసుకుని కలిపి అచ్చువేసేవాడు, అదీ ఆ 1850ల్లోనే. ఈ లెక్కన "పాతకాలం ఫొటోలు నిజాయితీగా ఉండేవి" అన్న మాట పూర్తిగా నిలబడదు.

కానీ కథ ఇక్కడితో ఆగలేదు. అదే ట్రైప్ 1858లో తంజావూరు బృహదీశ్వరాలయం అధిష్ఠానం మీది శాసనాలని ముక్కలు ముక్కలుగా తీసి, 21 ఫొటోలు ఒకదానికొకటి అతికించి సుమారు 19 అడుగుల పొడవు చుట్ట తయారుచేశాడు. చదువుకోవడానికి పనికొచ్చేది శాసనం. అక్కడ ఒక్క అక్షరం "అందంగా" దిద్దినా ఆ చుట్టకి విలువ లేదు. మబ్బుని మాత్రం ఎవరూ చదవరు, కొలవరు. నాకు ఈ తేడా చాలా ముఖ్యమనిపిస్తుంది.

ఇప్పుడు హంపికి వద్దాం. ఉదయగిరికీ హంపికీ చుట్టరికం ఉంది. గజపతుల చేతిలో ఉన్న ఉదయగిరిని కృష్ణదేవరాయలు 1513లో ముట్టడించి, 1514లో గెలిచాడు. ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపికి తీసుకెళ్ళి, దానికోసం కృష్ణాలయం కట్టించి, 1515లో ప్రతిష్ఠించాడు. అందుకని ఉదయగిరి చరిత్రలో కొంత హంపిలో వెతుక్కోవాల్సిందే. అయితే ఫొటోల విషయంలో రెండింటి అదృష్టం ఒకటి కాదు.

1856లో అలెగ్జాండర్ గ్రీన్‌లా అనే మద్రాసు సైన్యాధికారి హంపి శిథిలాలని పెద్ద పెద్ద కాగితపు నెగటివ్‌ల మీద తీశాడు. అందులో విఠలాలయం రాతిరథం ఫొటో ఒకటుంది. మనకి తెలిసిన రాతిరథం ఎలా ఉంటుంది? కావాలంటే 2017లో వచ్చిన కొత్త యాభై రూపాయల నోటు వెనక్కి తిప్పి చూడండి. పైన చదునుగా ఉంటుంది. గ్రీన్‌లా ఫొటోలో మాత్రం రథం పైన ఇటుకలతో కట్టిన శిఖరం ఉంది! తర్వాతి కాలంలో దాన్ని తీసేశారు. 1983లో ఆస్ట్రేలియా ఫొటోగ్రాఫర్ జాన్ గోలింగ్స్ గ్రీన్‌లా నిలబడ్డ చోట్లకే వెళ్ళి మళ్ళీ ఫొటోలు తీశాడు. రెండూ పక్కపక్కన పెట్టుకుంటే ఏం పోయిందో, ఏం మిగిలిందో వేలుపెట్టి చూపించొచ్చు.

ఒక్కసారి ఊహించండి. గ్రీన్‌లా చేతిలో ఇవాళ్టి ఫోను ఉండి, "ఈ పెచ్చులూడిన ఇటుకలు ఫ్రేములో బాగోలేదు" అని వేలితో తుడిచేసి ఉంటే?

మా వృత్తిలో లాగ్ ఫైలు అని ఒకటుంటుంది. సర్వర్లో ఏ నిమిషానికి ఏం జరిగిందో అది రాసిపెడుతుంది. చూడ్డానికి పరమ వికారంగా ఉంటుంది. అయినా అందం కోసం దాన్ని ఎవరూ ఎడిట్ చెయ్యరు. రేపు ఏదైనా కూలితే కారణం వెతుక్కోవాల్సింది అందులోనే కదా. రిపోర్టులో రంగురంగుల చార్టులు ఎన్నైనా పెట్టుకోండి, లాగ్ మాత్రం ముట్టుకోకూడదు. శిథిలాల ఫొటో కూడా ఒక లాగే.

ఉదయగిరి విషయంలో ఇది ఇంకా నిజం. ఇక్కడ మొత్తం పదమూడు కోటలు, కొండమీద ఎనిమిది, కింద ఐదు అని పాత గెజిటీర్లు చెప్తాయి. గజపతులు, విజయనగరం, గోల్కొండ, ఇలా ఒకరి తర్వాత ఒకరు ఏలిన చోటు. గుళ్ళూ ఉన్నాయి, పారశీక శాసనాలున్న మసీదూ ఉంది. ఏ గోడలో ఎక్కడ రాయి మారింది, ఎక్కడ సున్నం మారింది అన్నదే ఇక్కడ సాక్ష్యం. ఇప్పటి ఏఐ టూల్‌కి కూలిన గోడ చూపించి "పూర్తిచెయ్యి" అంటే నిమిషంలో చేసేస్తుంది. కానీ అది ఉదయగిరి గోడ కాదు. ఎక్కడెక్కడో కోటల బొమ్మలు నేర్చుకుని కట్టిన సగటు గోడ. గుప్తనిధుల కోసం ఎవరో తవ్విన గొయ్యి ఫ్రేములో పడిందనుకోండి, దాన్ని చెరిపేస్తే బొమ్మ అందంగానే ఉంటుంది. కాకపోతే తవ్విన దొంగకి అంతకంటే మేలు ఇంకొకరు చెయ్యలేరు.

పచ్చదనం సంగతీ అంతే. ఉదయగిరి, ఆత్మకూరు నెల్లూరు జిల్లాలో మెట్ట ప్రాంతం. పెన్న మీద సోమశిల జలాశయం ఆత్మకూరుకి దగ్గర్లోనే ఉన్నా, ఉదయగిరి వైపు పల్లెల్లో నీటి కరువు, ఫ్లోరైడ్ బాధ ఏళ్ళనాటివి. మే నెల కొండకి ఆకుపచ్చ పూస్తే చూసేవాళ్ళకి ఆ ఊళ్ళలో కష్టమే లేదనిపిస్తుంది. వానలు పడ్డాక కొండ నిజంగానే పచ్చగా ఉంటుంది, అప్పుడే వెళ్ళి తియ్యండి, ఎవరు కాదన్నారు? కింద నెల రాయండి చాలు.

చూసేవాళ్ళ నమ్మకం ఒకసారి పోతే మళ్ళీ రావడం ఎంత కష్టమో పెద్ద పత్రికలకే తెలిసొచ్చింది. 1982 ఫిబ్రవరి ముఖచిత్రం కోసం నేషనల్ జియోగ్రాఫిక్ గీజా పిరమిడ్లని కంప్యూటర్లో దగ్గరికి జరిపింది. అడ్డం ఫొటోని నిలువు అట్టమీద ఇమడ్చడానికి, అంతే. నాలుగు దశాబ్దాలు దాటినా ఆ సంగతి ఇంకా చెప్పుకుంటూనే ఉన్నారు.

కాబట్టి నా లెక్క ఇది. వెలుతురు సరిచేసుకోండి, వంకరగా వస్తే నిలబెట్టండి, తెల్లబోయిన ఆకాశానికి ట్రైప్‌లా రెండు మబ్బులు కావాలంటే వేసుకోండి, వేశామని చెప్పండి. నేలమీద నిలబడి ఉన్నదాన్నీ, కూలి పడి ఉన్నదాన్నీ మాత్రం కదపకండి. ఎడిట్ చెయ్యని అసలు ఫైలు, తీసిన తేదీతో సహా, ఎక్కడో ఒకచోట దాచండి. హంపికి గ్రీన్‌లా దొరికాడు. ఉదయగిరికి ఆ పని చెయ్యాల్సింది ఆదివారం ఫోను పట్టుకుని కొండెక్కే మనమే.