మన పెద్దల పేర్లు ఎక్కడున్నాయి?



మీ తాతగారి తండ్రి పేరేమిటి? మీ నాయనమ్మ పుట్టింటి ఇంటిపేరేమిటి? మనలో చాలామంది ఇక్కడే ఆగిపోతాం. అందుకే ఎవరైనా "మీవాళ్ళు కరువులో గంజి కోసం మతం పుచ్చుకున్నారు" అంటే జవాబు దొరక్క తల దించుకుంటాం. మన కుటుంబ చరిత్ర మనకు తెలియకపోతే, ఎదుటివాడు చెప్పిందే మన చరిత్ర అయిపోతుంది.

ఒంగోలు ప్రాంతపు సంగతి చూడండి. తోళ్ళ వర్తకం చేసిన యెర్రగుంట్ల పేరయ్యగారు 1866లోనే బాప్తిస్మం పొంది తనవారికి సువార్త చెప్పారు. అప్పటికి కరువు ఇంకా పదేళ్ళ దూరంలో ఉంది. 1876-78లో ఆ మహా కరువు వచ్చినప్పుడు మిషనరీ జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవారికి కూలి పని ఇప్పించారు. బాప్తిస్మం ఇమ్మని జనం అడిగినా, సాయం కోసం వస్తున్నారేమోనని ఆ కాలంలో ఇవ్వలేదు. సాయం ఆగిపోయాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మం పొందారు.

వారిలో మీవాళ్ళు ఉన్నారో లేదో నేను చెప్పలేను. మీరే వెదకాలి. మొదలుపెట్టడానికి ఒక నోటుపుస్తకం చాలు.

మొదట మీ పేరు, మీ అమ్మానాన్నల పేర్లు, వారి అమ్మానాన్నల పేర్లు రాయండి. ఆడవారి పుట్టింటి ఇంటిపేరు, ఊరు తప్పక రాయండి. మన లెక్కల్లో ముందుగా చెరిగిపోయేవి అవే.

తర్వాత ఇంట్లో అందరికంటే పెద్దవారి దగ్గర కూర్చోండి. "ఏ సంవత్సరం?" అని అడిగితే వారికి గుర్తుండకపోవచ్చు. "దివిసీమ ఉప్పెనకు నాన్న ఎంతవాడు?" అని అడగండి. ఉప్పెన వచ్చింది 1977 నవంబరులో గనుక లెక్క మనమే కట్టుకోవచ్చు. చెప్పింది చెప్పినట్టే రాయండి, ఫోనులో రికార్డు కూడా చేయండి. కాగితాలు రేపు చూసుకోవచ్చు గానీ, పెద్దవారి జ్ఞాపకం రేపటిదాకా ఆగదు.

ఆ తర్వాత పాత బైబిలు అట్టల లోపలి ఖాళీ పేజీలు తిరగేయండి. పుట్టినరోజులు, పెళ్ళిళ్ళు అక్కడ రాసుకునేవారు. సమాధి రాళ్ళు చదవండి. సంఘం రిజిస్టర్లు చూపమని అడగండి. లూథరన్, సి.ఎస్.ఐ. సంఘాల్లో పసిపిల్లలకు బాప్తిస్మం ఇస్తారు గనుక ఆ రిజిస్టరులో తల్లిదండ్రుల పేర్లు దొరుకుతాయి. బాప్టిస్టు సంఘాల్లో విశ్వసించిన వయసులో ఇస్తారు గనుక ఆ తేదీని పుట్టిన తేదీ అనుకోవద్దు. 1872 క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం రాసే పెళ్ళి రిజిస్టరులో వధూవరుల వయసు, వృత్తి, నివాసం, తండ్రుల పేర్లు ఉంటాయి.

ఒక్క జాగ్రత్త. బాప్తిస్మంలో పేరు మారినవారు చాలామంది. ఊరికి పోలయ్య, సంఘానికి పౌలు. రెండు పేర్లతోనూ వెదకండి.

వెదికితే ఆకలి, అప్పు, వెట్టి బయటపడవచ్చు. సిగ్గుపడకండి. ఇశ్రాయేలీయులు ప్రథమఫలాలు తెచ్చినప్పుడు, తమ పితరుడు దిక్కులేక తిరిగినవాడనీ, తాము ఐగుప్తులో బానిసలమనీ బలిపీఠం ముందు నోరారా చెప్పాలని ద్వితీయోపదేశకాండము 26వ అధ్యాయం ఆజ్ఞాపిస్తుంది. మత్తయి రాసిన మన ప్రభువు వంశావళిలో రాహాబు పేరు, రూతు పేరు దాచకుండా ఉన్నాయి. నిజంగానే మనవాళ్ళు ఆకలితో వచ్చి ఉన్నా, ఆకలిగొన్నవారిని చూసి కనికరపడిన ప్రభువు దగ్గరికే కదా వచ్చారు!

ఈ ఆదివారం ఆరాధన అయ్యాక మీ ఇంటి పెద్దవారి దగ్గర ఒక గంట కూర్చోండి. ఒక్క పేరైనా రాసుకుని, ఆ పేరు చెప్పి దేవునికి స్తోత్రం చెల్లించండి.

మన పితరులను పేరుపేరునా ఎరిగిన దేవుడు మీ ఇంటిని దీవించును గాక. ఆమేన్.