పిల్లికూనల ఆహారం, దంత ఆరోగ్యం

పిల్లికూనలకు సుమారు మూడో వారం నుంచి పాలపళ్లు మొలుస్తాయి. ఇవి మొత్తం 26. నాలుగో నెల ప్రాంతంలో ఊడడం మొదలై, ఆరేడు నెలలకల్లా 30 శాశ్వత దంతాలు వస్తాయి. చిగుళ్లు ఎర్రబడే ఈ దశలో మెత్తని తిండి పెట్టాలి.

పిల్లి మాంసాహారి. దాని దవడ పళ్లు కత్తెరలా కోస్తాయి, నూరవు. పాలన్నం, పెరుగన్నంలో పిల్లికి తప్పనిసరైన టారిన్ అనే పోషకం చాలదు. ఎముక లేని మాంసం ఒక్కటే పెడితే కాల్షియం చాలక దవడ ఎముక బలహీనపడుతుంది. కూనల కోసం తయారైన సమతులాహారమే మేలు.

పొడి గుళికలు చాలావరకు పంటి కొసకు తగలగానే పగిలిపోతాయి. చిగుళ్ల అంచున పేరుకున్న పాచిని తీయలేవు. అది గట్టిపడి గార కడుతుంది. చిన్ననాడే వేలికి మెత్తటి గుడ్డ చుట్టి పళ్లు తుడవడం అలవాటు చేయాలి. మనుషుల టూత్‌పేస్టు వాడరాదు. నోటి దుర్వాసన, చొంగ, చిగుళ్ల నుంచి రక్తం కనిపిస్తే పశువైద్యుడికి చూపించాలి.